టెన్షన్ ఎక్కువ కాలం ఉంటే మెదడులో శక్తి నిజంగా తగ్గుతుందా?

గ్రూప్స్_అభ్యర్థి (హైదరాబాద్)

అందరికీ నమస్కారం. అశోక్‌నగర్‌లో గది తీసుకుని గ్రూప్స్‌కి చదువుతున్నాను. నోటిఫికేషన్, వాయిదా, కోర్టు కేసు, మళ్లీ వాయిదా. ఇలాగే చాలాకాలం గడిచింది.

ఒంట్లో ఓపికకు లోటు లేదు. ఆదివారం క్రికెట్ ఆడగలుగుతున్నాను. కానీ పుస్తకం తెరిస్తే కాసేపటికే బుర్ర పనిచేయడం మానేస్తుంది. పాలిటీలో కంఠతా వచ్చిన అధికరణలు కూడా గుర్తుకు రావు. ఇంట్లో బద్ధకం అంటున్నారు. రూమ్మేట్ అయితే "మెదడుకి షుగరే తిండి, గ్లూకోజ్ నీళ్లు తాగు" అంటాడు. తాగినా తేడా లేదు.

నేను అడిగేది ఇదే. నెలల తరబడి టెన్షన్ ఉంటే మెదడులో శక్తి తయారీ దెబ్బతింటుందా? దీనికి సైన్స్‌లో ఆధారం ఉందా, లేక నా బద్ధకానికి నేను సాకు వెతుక్కుంటున్నానా? తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

బయోకెమిస్ట్రీ_గుంటూరు

తమ్ముడూ, ముందు లెక్క చూద్దాం. పెద్దవాళ్ల మెదడు సుమారు 1.4 కిలోలు, అంటే ఒంటి బరువులో 2 శాతం. కానీ మనం ఊరికే కూర్చున్నప్పుడు ఒళ్లు ఖర్చు పెట్టే శక్తిలో దాదాపు 20 శాతం దానికే పోతుంది. రోజుకు రమారమి 120 గ్రాముల గ్లూకోజ్ వాడుకుంటుంది. ఇందులో పెద్ద వాటా న్యూరాన్ల (నాడీకణాల) మధ్య సంకేతాలు నడపడానికే. ఒక సంకేతం వెళ్లాక కణంలోకి చొరబడిన సోడియంను బయటికి, బయటికి పోయిన పొటాషియంను లోపలికి తోడాలి. ఆ పంపులు నడిచేది ఏటీపీతో, అంటే కణాలు శక్తి కోసం ఖర్చుపెట్టే అణువుతో.

ఏటీపీ అన్నాక ఒక మాట చెప్పకుండా ఉండలేను. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏటీపీని కండరం నుంచి వేరుచేశారు. ఏటీపీని అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా కనుక్కున్నారు. ఈ సంగతి మన పిల్లలు పాఠంతో పాటే నేర్చుకోవాలని నా కోరిక. మెదడులోనూ ఈ రెండూ జంటగానే పనిచేస్తాయి. ఏటీపీ నిల్వ చాలా కొద్దిసేపటికే సరిపోతుంది. అది తగ్గగానే ఫాస్ఫోక్రియాటిన్ భర్తీ చేస్తుంది. ఈలోగా కణంలో శక్తి కేంద్రాల్లాంటి మైటోకాండ్రియా కొత్త ఏటీపీ తయారుచేస్తాయి.

మెదడు దాచుకునేది చాలా తక్కువ. న్యూరాన్లకు ఆసరాగా ఉండే ఆస్ట్రోసైట్లు అనే కణాల్లో కొద్దిపాటి గ్లైకోజెన్ (గ్లూకోజ్ నిల్వ) ఉంటుంది, అంతే. మిగతాదంతా రక్తం నుంచి ఎప్పటికప్పుడు రావాలి. అలాగని పది నిమిషాల చదువుకు ఇంధనం అయిపోదు. కష్టమైన లెక్క చేస్తున్నప్పుడు కూడా మెదడు మొత్తం ఖర్చు విశ్రాంతిలో కంటే 5 శాతం లోపే పెరుగుతుంది. నీ రక్తంలో షుగర్ మామూలుగా ఉంటే మెదడుకు కావలసినంత అందుతూనే ఉంది. పైన గ్లూకోజ్ పోసినంత మాత్రాన అది ఎక్కువ వాడుకోదు. మీ రూమ్మేట్ మాటలో మొదటి సగం సరే, రెండో సగం పనికిరాదు.

నైట్‌షిఫ్ట్_గచ్చిబౌలి

> మెదడుకు కావలసినంత అందుతూనే ఉంది

మాస్టారూ, అందుతూ ఉంటే మరి ఈ మొద్దుబారడం ఏమిటి? నాదీ అదే పరిస్థితి. అమెరికా క్లయింట్, రాత్రంతా కాల్స్. తెల్లవారేసరికి మామూలు ఈమెయిల్ కూడా మూడుసార్లు చదివితే గానీ ఎక్కదు. సెలవు పెట్టి ఊరెళ్లినా మొదటి రోజుల్లో తేడా కనిపించదు.

సైకియాట్రీ_విశాఖ

నేను సైకియాట్రిస్టుని. ఇక్కడ రాసేది అవగాహన కోసమే, ఎవరికీ వైద్య సలహా కాదు.

టెన్షన్ వచ్చినప్పుడు మెదడులోని హైపోథాలమస్ అనే భాగం దాని కిందుండే పిట్యూటరీ గ్రంథికి, పిట్యూటరీ మూత్రపిండాల పైనుండే అడ్రినల్ గ్రంథులకు కబురు పంపుతాయి. అక్కడి నుంచి కార్టిసాల్ విడుదలవుతుంది. ఈ హార్మోన్‌ని అందరూ విలన్‌ని చేశారు గానీ, అది లేకపోతే మనిషి బతకడు. తెల్లవారుజామున పెరుగుతూ వచ్చి, నిద్ర లేచిన అరగంట ముప్పావుగంటకు పతాక స్థాయికి చేరి, రాత్రికి బాగా తగ్గుతుంది. దాని ముఖ్యమైన పనే శక్తిని సర్దుబాటు చేయడం. కాలేయం చేత గ్లూకోజ్ తయారు చేయిస్తుంది, కండరాలూ కొవ్వూ దాన్ని లాగేసుకోకుండా ఆపుతుంది. ప్రమాదం ఎదురైనప్పుడు ఇంధనం రక్తంలో సిద్ధంగా ఉండాలి కదా.

ఒత్తిడిని ఇలా ఒంటికంతటికీ సంబంధించిన స్పందనగా చూపిన వ్యక్తి హాన్స్ సెల్యే. మాంట్రియల్‌లో పనిచేస్తూ 1936లో 'నేచర్' పత్రికకు రాసిన చిన్న లేఖతో ఇది మొదలైంది. మెదడు కూడా ఈ హార్మోన్‌కి లోబడుతుందని 1968లో బ్రూస్ మెక్ఎవెన్ చూపించారు. ఎలుకల హిప్పోక్యాంపస్, అంటే కొత్త జ్ఞాపకాలు ఏర్పడే చోటు, ఈ హార్మోన్‌ను ఎక్కువగా పట్టుకుంటోందని ఆయన బృందం గమనించింది. ఒత్తిడికి అలా సర్దుకుంటూ పోవడానికి ఒళ్లు చెల్లించే మూల్యం పేరుకుంటుందని 1993లో మరో పరిశోధకుడితో కలిసి ప్రతిపాదించారు.

ఇబ్బంది కాలంతో వస్తుంది. పరీక్ష రోజు టెన్షన్ గంటల్లో దిగిపోతుంది. ఏళ్ల తరబడి తేలని పరీక్ష టెన్షన్ దిగదు. చాలామందిలో రాత్రిపూట తగ్గాల్సిన కార్టిసాల్ సరిగా తగ్గదు, నిద్ర పలచబడుతుంది, ఇన్సులిన్ మాట కణాలు సరిగా వినవు. అప్పుడు రక్తంలో ఇంధనం ఉన్నా దాన్ని వాడుకునే తీరు మారుతుంది. ఇక్కడి నుంచి కణం లోపల ఏం జరుగుతుందో బెంగళూరులో ఉన్న మన ల్యాబ్ మిత్రుడు చెబితే బాగుంటుంది.

బెంగళూరు_ల్యాబ్

పిలిచినందుకు థాంక్స్ సార్. న్యూరోసైన్స్‌లో పీహెచ్‌డీ చేస్తున్నాను. నాకు తెలిసినంతలో వరసగా రాస్తాను.

మొదటిది, గ్లూకోజ్ కణంలోకి వెళ్లడం. అమెరికా శాస్త్రవేత్త రాబర్ట్ సపోల్‌స్కీ అంటే చాలామందికి కెన్యా బబూన్ కోతుల మీద పరిశోధనే గుర్తొస్తుంది. ఆయన ల్యాబ్ 1990 ప్రాంతంలో హిప్పోక్యాంపస్ కణాలను గాజు పళ్లేల్లో పెంచి వాటికి స్ట్రెస్ హార్మోన్ ఇచ్చింది. న్యూరాన్లూ, వాటికి ఆసరా కణాలూ గ్లూకోజ్‌ను లోపలికి తీసుకోవడం తగ్గింది. పూర్తిగా ఆగలేదు, కొంత తగ్గింది. ఆ తగ్గుదల ఒక్కటే కణాన్ని చంపదు. కానీ దానికి తోడు ఇంకో దెబ్బ తగిలితే, ఉదాహరణకు ఆక్సిజన్ అందకపోతే, తట్టుకునే శక్తి తక్కువగా ఉంటుంది. ఆయన నొక్కి చెప్పింది ఇదే.

రెండోది మైటోకాండ్రియా. నాకు అన్నిటికంటే ఆసక్తికరమైన భాగం ఇదే. స్ట్రెస్ హార్మోన్‌ను అందుకునే రిసెప్టర్ కణ కేంద్రకంలోకి వెళ్లి జన్యువులను కదిలిస్తుందని అందరం చదువుకున్నాం. అది మైటోకాండ్రియాలోకి కూడా వెళ్తుందని 2009లో ఒక అమెరికా బృందం ఎలుకల న్యూరాన్లలో చూపించింది. హార్మోన్ తక్కువ మోతాదులో ఉంటే మైటోకాండ్రియా పనితీరు మెరుగుపడింది. ఎక్కువ మోతాదు మూడు రోజులు కొనసాగితే అదే పనితీరు పడిపోయింది. కొద్ది ఒత్తిడి చురుకునిస్తుంది, వదలని ఒత్తిడి కుంగదీస్తుంది అని మన అనుభవంలో ఉన్నదే కణంలోనూ కనిపించింది.

మూడోది, ఈ మార్పు మెదడంతటా ఒకేలా ఉండదు. బెంగళూరులోని ఎన్‌సీబీఎస్ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థలో సుమంత్ర చటర్జీ బృందం 2002లో చేసిన పని ప్రపంచమంతా ఉదహరిస్తుంది. ఎలుకలను రోజుకు 2 గంటలు, 10 రోజులు కదలకుండా బంధించారు. హిప్పోక్యాంపస్ న్యూరాన్ల కొమ్మలు కుంచించుకుపోయాయి. భయానికి సంబంధించిన అమిగ్డలాలో మాత్రం కొమ్మలు పెరిగాయి! 2004లో వాళ్లే ఇంకో అడుగు వేశారు. 21 రోజులు విశ్రాంతి ఇచ్చాక చూస్తే హిప్పోక్యాంపస్ కోలుకుంది, అమిగ్డలా కొమ్మలు వెనక్కి తగ్గలేదు, ఎలుకల ఆందోళనా తగ్గలేదు.

కొమ్మలు, వాటి మీది సినాప్సులు (న్యూరాన్లు ఒకదానితో ఒకటి కలిసే చోట్లు) నిలబెట్టుకోవడానికి చాలా ఏటీపీ కావాలి. అందుకే సరఫరా తగ్గడానికీ కొమ్మలు కుంచించుకోవడానికీ సంబంధం ఉందని చాలామంది భావిస్తున్నారు. ఏది ముందు, ఏది వెనక అన్నది మాత్రం ఇంకా చర్చలోనే ఉంది.

గ్రూప్స్ మిత్రమా, పల్లెలో వోల్టేజీ పడిపోయిన సాయంత్రం తీగల్లో కరెంటు ఉంటుంది, మోటారు మాత్రం నీళ్లు ఎత్తదు. నీ పరిస్థితి దానికి దగ్గర. గ్లూకోజ్ నీళ్లు తాగినా తేడా లేకపోవడానికి కారణం ఇదే కావచ్చు.

తెనాలి_ఇంజినీర్

అందరూ బాగా రాశారు, కానీ నాకు ఒక అభ్యంతరం ఉంది. గాజు పళ్లెంలో కణాలు, బంధించిన ఎలుకలు. వాటి నుంచి నేరుగా అశోక్‌నగర్ గదిలోకి దూకుతున్నాం. మనిషి ఎలుక కాదు. మనిషి ఒత్తిడి అంటే అద్దె, పెళ్లి సంబంధం, నాన్న ముఖం.

పైగా మనుషుల్లో జరిగిన ఒక ముఖ్యమైన అధ్యయనం దీనికి ఎదురు తిరుగుతుంది. వియత్నాం యుద్ధంలో పాల్గొని తీవ్రమైన మానసిక గాయంతో తిరిగొచ్చినవాళ్లలో హిప్పోక్యాంపస్ చిన్నగా ఉందని కనుక్కున్నారు. ఒత్తిడి వల్లే కుంచించుకుపోయింది అన్నారు. 2002లో గిల్బర్ట్‌సన్ బృందం వాళ్ల కవల సోదరులను, అంటే యుద్ధానికి వెళ్లనివాళ్లను పరీక్షించింది. వాళ్లకీ చిన్నదే! అంటే కొంతవరకు అది ముందునుంచీ ఉన్న తేడా. కారణాన్నీ ఫలితాన్నీ తారుమారు చేసుకోకూడదు.

బెంగళూరు_ల్యాబ్

అన్నా, మీ అభ్యంతరం సరైనదే. ఆ కవలల అధ్యయనం మా క్లాసులో తప్పనిసరి పాఠం. అందుకే మనుషుల్లో ఒకే వ్యక్తిని ముందూ వెనకా చూసిన అధ్యయనాలకు విలువ ఎక్కువ.

ఒకటి ఈ దారం మొదలుపెట్టిన తమ్ముడికి సరిగ్గా సరిపోతుంది. 2009లో లిస్టన్, మెక్ఎవెన్, కేసీ అనే ముగ్గురు అమెరికాలో పెద్ద లైసెన్స్ పరీక్షకు నెల రోజులుగా చదువుతున్న ఆరోగ్యవంతులైన వైద్య విద్యార్థులను పరీక్షించారు. ఒక విషయం నుంచి ఇంకో విషయానికి దృష్టి మళ్లించే పనిలో వాళ్లు వెనకబడ్డారు. మెదడు ముందుభాగమైన ప్రీఫ్రంటల్ కార్టెక్స్ ఇతర భాగాలతో కలిసి పనిచేసే తీరు కూడా బలహీనపడింది. పరీక్ష అయిపోయి, ఒత్తిడి తగ్గిన నెలకు మళ్లీ చూస్తే తేడా మాయమైంది. మెదడు అదే, మనిషి అదే.

ఇంకొకటి కుషింగ్ వ్యాధి. అందులో కార్టిసాల్ విపరీతంగా తయారవుతుంది, రోగుల్లో జ్ఞాపకశక్తి తగ్గుతుంది. చికిత్సతో హార్మోన్ మామూలు స్థాయికి వచ్చాక హిప్పోక్యాంపస్ పరిమాణం కొంత పెరిగిందని 1990లలోనే చూశారు. ఇక్కడ కారణం ఏదో స్పష్టంగా తెలుసు కాబట్టి మీ కవలల ప్రశ్న అడ్డురాదు.

బతికున్న మనిషి మెదడులో మైటోకాండ్రియాను ఎలుకలో లాగా తీసి చూడలేం. అందుకని రక్తకణాల్లో కొలుస్తారు. 2018లో మార్టిన్ పికార్డ్, ఎలిస్సా ఎపెల్ తదితరులు ఆటిజం ఉన్న పిల్లలను చూసుకుంటున్న తల్లులనూ, ఇతర తల్లులనూ పోల్చారు. ఏళ్లుగా సంరక్షణ బాధ్యత మోస్తున్న తల్లుల తెల్ల రక్తకణాల్లో మైటోకాండ్రియా సామర్థ్యం తక్కువగా ఉంది. ముందురోజు రాత్రి మనసు తేలికగా ఉన్నవాళ్లలో అది మెరుగ్గా ఉంది. ఇది రక్తం, మెదడు కాదు. ఆ తేడా గుర్తుంచుకునే చదవాలి.

వరంగల్_అమ్మ

ఇన్ని రోజులూ ఈ వేదికలో చదివి వెళ్లిపోయేదాన్ని. చివరి పోస్ట్ చూశాక రాయాలనిపించింది.

మా బాబుకి ఆటిజం. తొమ్మిదేళ్లు. వాడు రాత్రి రెండుసార్లయినా లేస్తాడు. థెరపీకి తీసుకెళ్లడం, స్కూల్లో బతిమాలడం, చుట్టాల ప్రశ్నలు, అన్నీ నావే. బియ్యం కడిగి ఎసట్లో పోశానో లేదో కూడా గుర్తుండడం లేదు. నేను చదువుకున్నదాన్నే, బ్యాంకులో పనిచేసి మానేశాను. ఇప్పుడు చిన్న కూడిక చేయాలన్నా చేయి ఆగుతోంది. ఇది నా తెలివి తగ్గడం అనుకుని ఎవరికీ చెప్పలేదు.

ఆ అధ్యయనంలో తల్లుల గురించి చదివితే ఏడుపొచ్చింది. నాలాంటివాళ్లను ఎవరో పిలిచి, కూర్చోబెట్టి, కొలిచి, ఇది నిజమే అన్నారని. కానీ ఒక భయం. ఇది ఇక తిరిగి బాగుపడదా? ఇంకో మాట. ముందురోజు మనసు తేలికగా ఉంటే మంచిదని రాశారు. దయచేసి "పాజిటివ్‌గా ఉండండి" అని మాత్రం చెప్పకండి. అది వినీ వినీ విసిగిపోయాను. మనసు తేలికపడాలంటే ఎవరో ఒకరు ఒక్క రాత్రి బాబును చూసుకోవాలి. అది లేకుండా నవ్వమంటే ఎట్లా?

సైకియాట్రీ_విశాఖ

అమ్మా, మీరు రాసిన చివరి రెండు వాక్యాలు నేను మా జూనియర్ డాక్టర్లకు చదివి వినిపిస్తాను. మీరు చెప్పిందే సరైన చికిత్స.

ముందు భయం గురించి. పైన చెప్పిన వైద్య విద్యార్థులు, కుషింగ్ రోగులు, ఎన్‌సీబీఎస్ ఎలుకల హిప్పోక్యాంపస్, అన్నిట్లోనూ ఒత్తిడి లేదా కార్టిసాల్ తగ్గాక కోలుకోవడం కనిపించింది. న్యూరాన్లు చచ్చిపోవడం వేరు, కొమ్మలు కుంచించుకోవడం వేరు. మీకున్న మతిమరుపు, నిద్ర చెడిన ఏ మనిషికైనా వచ్చేదే. మీ తెలివి ఎక్కడికీ పోలేదు.

అమిగ్డలా త్వరగా మామూలు కాదన్న సంగతి కూడా నిజమే. అందుకే పరిస్థితులు చక్కబడ్డాక కూడా కొన్నాళ్లు ఉలికిపాటు, గుండెదడ ఉంటాయి. అప్పుడు "అంతా బాగానే ఉంది కదా, ఇంకా ఎందుకు భయం" అని మిమ్మల్ని మీరు నిందించుకోవద్దు.

ఆ అధ్యయనం నుంచి "నవ్వితే మైటోకాండ్రియా బాగుపడతాయి" అని తేల్చడం పొరపాటు. ఏది దేనికి కారణమో అది నిరూపించదు. మనసు తేలికవడానికి వీలున్న పరిస్థితి కల్పించాలి, అది ఇంటి బాధ్యత. మీ ఆయన్ని, అత్తగారిని, తోడబుట్టినవాళ్లను పిలిచి వారంలో కనీసం రెండు రాత్రులు వంతులు వేసుకోమని అడగండి. అడగడానికి ఇబ్బందయితే ఈ దారం చూపించండి. బాబు నిద్ర సమస్యకు కూడా చికిత్స ఉంటుంది, పిల్లల డాక్టర్‌తో ఆ సంగతి విడిగా మాట్లాడండి. వాడు పడుకుంటేనే మీరు పడుకోగలరు.

ఇంకో మాట. మీకోసం మీరు ఒకసారి డాక్టర్‌ని కలవండి. బయటికి వెళ్లడం కుదరకపోతే ప్రభుత్వ టెలీ-మానస్ నంబర్ 14416 ఉంది, 2022 అక్టోబర్ నుంచి పనిచేస్తోంది. తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు.

నర్సు_బర్మింగ్‌హామ్

వరంగల్ అక్కా, మీతోనే ఉన్నాం. నేను ఇంగ్లండ్‌లో నర్సుని. సంరక్షకుల అలసటను రోజూ వార్డులో చూస్తాను. రోగి పక్కన కూర్చున్నవాళ్లు మందుల పేర్లు మళ్లీ మళ్లీ అడిగితే విసుక్కోకూడదని మాకు మొదట్లోనే నేర్పుతారు.

డాక్టర్ గారిని ఒక ప్రశ్న. మా తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో "అడ్రినల్ ఫెటీగ్" అని ఒక మాట తిరుగుతోంది. ఒత్తిడి వల్ల అడ్రినల్ గ్రంథి అలసిపోయి కార్టిసాల్ ఆగిపోతుందట. దానికి లాలాజలం పరీక్షలు, క్యాప్సూళ్లు అమ్ముతున్నారు. చాలామంది కొంటున్నారు. అశ్వగంధ సంగతేమిటని కూడా అడుగుతున్నారు.

సైకియాట్రీ_విశాఖ

"అడ్రినల్ ఫెటీగ్" వైద్యశాస్త్రం గుర్తించిన జబ్బు కాదు. అడ్రినల్ గ్రంథులు నిజంగా పనిచేయకపోవడం వేరే వ్యాధి, అడిసన్స్ అంటారు. అది ప్రాణాంతకం, అరుదు, దానికి తగిన పరీక్షలు ఉన్నాయి. మీ స్నేహితులను ఆ క్యాప్సూళ్లకు దూరంగా ఉండమని గట్టిగా చెప్పండి. కొన్నిట్లో అసలు హార్మోన్లే కలిసి ఉంటాయి. ఒక్కసారి చేసిన కార్టిసాల్ పరీక్షతో మీ జీవితంలో టెన్షన్ ఎంతో చెప్పలేం, అది గంట గంటకూ మారుతుంది.

అశ్వగంధ మీద చిన్న చిన్న అధ్యయనాలు ఉన్నాయి. ఒత్తిడి, కార్టిసాల్ కొంత తగ్గినట్టు కొన్నిట్లో వచ్చింది. కానీ అరుదుగా కాలేయం దెబ్బతిన్న కేసులు నమోదయ్యాయి, థైరాయిడ్ హార్మోన్ పెరగవచ్చు. గర్భిణులు వాడకూడదు. థైరాయిడ్ మందులు వేసుకునేవాళ్లు డాక్టర్‌ని అడగకుండా మొదలుపెట్టకూడదు.

ముఖ్యమైన సంగతి ఇంకొకటి ఉంది. బుర్ర అలసటను స్ట్రెస్ ఖాతాలో వేసే ముందు హిమోగ్లోబిన్, థైరాయిడ్, బి12, షుగర్ చూపించుకోండి. నా దగ్గరికి "టెన్షన్" అని వచ్చినవాళ్లలో రక్తహీనత, థైరాయిడ్ తక్కువగా ఉండడం తరచూ బయటపడతాయి, ముఖ్యంగా ఆడవాళ్లలో. శాకాహారులు బి12ని మర్చిపోవద్దు. గట్టిగా గురకపెట్టి పగలు తూగేవాళ్లు నిద్రలో శ్వాస ఆగుతోందేమో చూపించుకోవాలి. ఏ పనిలోనూ ఆసక్తి లేకపోవడం రెండు వారాలకు మించి ఉంటే అది డిప్రెషన్ కావచ్చు, దానికి మంచి చికిత్స ఉంది.

నైట్‌షిఫ్ట్_గచ్చిబౌలి

చాలా ఉపయోగపడింది డాక్టర్ గారూ. కాఫీ గురించి ఎవరూ చెప్పలేదు. రాత్రి మూడు కప్పులు లేనిదే నాకు షిఫ్ట్ గడవదు. అది మెదడుకు శక్తి ఇస్తున్నట్టా, కాదా?

బయోకెమిస్ట్రీ_గుంటూరు

ఇవ్వదు బాబూ. ఏటీపీ ఖర్చయ్యేకొద్దీ అడెనోసిన్ పోగవుతుంది. అది తన రిసెప్టర్ల మీద కూర్చున్నప్పుడు మనకు నిద్ర ముంచుకొస్తుంది. కెఫిన్ వెళ్లి ఆ చోటు ఆక్రమిస్తుంది. అడెనోసిన్ అలాగే ఉంటుంది, దాని మాట మాత్రం వినబడదు. కెఫిన్ దిగగానే పోగైనదంతా ఒక్కసారి తెలుస్తుంది. ఒంట్లోకి వెళ్లిన కెఫిన్‌లో సగం పోవడానికే సుమారు 5 గంటలు పడుతుంది. అందుకే షిఫ్ట్ మొదట్లో తాగు, చివర్లో మానెయ్. పగలు పడుకునే గదిని చీకటి చేసుకో. అడెనోసిన్‌ని తగ్గించే మందు నిద్ర ఒక్కటే.

షుగర్ గురించి ఇంకో సంగతి. మనసును అదుపులో పెట్టుకుంటే రక్తంలో గ్లూకోజ్ తగ్గుతుందని, తీపి తాగితే ఆ శక్తి తిరిగొస్తుందని 2007లో ఒక అధ్యయనం వచ్చి బాగా ప్రచారమైంది. తర్వాత దాని మీద అనుమానాలు మొదలయ్యాయి. మనోనిగ్రహం వాడేకొద్దీ తరిగిపోతుందన్న అసలు సిద్ధాంతాన్నే 2016లో 23 ల్యాబులు కలిసి మళ్లీ పరీక్షిస్తే ప్రభావం దాదాపు సున్నాగా తేలింది. నీళ్లలో గ్లూకోజ్ పొడి కలుపుకోవడం వెనక ఇలాంటి కథలు చాలా ఉన్నాయి.

తెనాలి_ఇంజినీర్

ఇదే దారిలో నాకు నమ్మకం కలిగించిన ఒక పని ఉంది. 2022లో పారిస్ బృందం, మథియాస్ పెసిగ్లియోన్ ల్యాబ్ అనుకుంటాను, ఆరు గంటలకు పైగా కొందరికి కష్టమైన మానసిక పని, కొందరికి తేలిక పని ఇచ్చింది. కష్టమైన పని చేసినవాళ్ల ప్రీఫ్రంటల్ కార్టెక్స్‌లో గ్లుటమేట్ (న్యూరాన్ల మధ్య సంకేతాలు మోసే రసాయనం) ఎక్కువగా పోగైంది. వాళ్లు ఆ తర్వాత శ్రమ తక్కువ, ఫలితం వెంటనే వచ్చే వాటినే ఎంచుకున్నారు. అంటే అలసట ఇంధనం అయిపోవడం వల్ల కాదు, పని చేస్తే పోగయ్యే పదార్థాన్ని శుభ్రం చేసుకోవాల్సి రావడం వల్ల అని వాళ్ల వాదన. బెంగళూరు తమ్ముడు ఏమంటాడు?

బెంగళూరు_ల్యాబ్

అవునన్నా, ఆ ల్యాబే. ఒక్క జాగ్రత్త, అది ఒక రోజు అలసట గురించి. నెలల తరబడి ఒత్తిడి గురించి కాదు. అయినా రెండిటికీ కలిసే చోటు ఒకటుంది. సినాప్స్ దగ్గర మిగిలిన గ్లుటమేట్‌ను తీసేసే పని ఆస్ట్రోసైట్లది, అది ఏటీపీ ఖర్చుపెట్టే పని. న్యూరాన్లకు ల్యాక్టేట్ రూపంలో ఇంధనం అందించేదీ ఆస్ట్రోసైట్లేనని 1994లో పెల్లెరిన్, మాజిస్ట్రెట్టి ప్రతిపాదించారు, దాని మీద వాదన ఇప్పటికీ సాగుతోంది. ఎలుకల్లో దీర్ఘకాలిక ఒత్తిడి ఈ ఆస్ట్రోసైట్లనూ దెబ్బతీస్తుంది. రాబోయే సంవత్సరాల్లో న్యూరాన్ల కంటే వీటి గురించే ఎక్కువ వింటామని నా నమ్మకం.

గ్రూప్స్_అభ్యర్థి (హైదరాబాద్)

అందరికీ ఎంతో రుణపడి ఉన్నాను. నాన్నకి ఫోన్ చేసి ఈ దారంలో చదివినవి చెప్పాను. ఆయన చాలాసేపు విని, ముందు రక్తపరీక్ష చేయించుకో అన్నారు. రేపు వెళ్తున్నాను.

పరీక్ష దగ్గర్లో ఉంది, మానేయలేను. ఒత్తిడి మూలం తీసేయడం నా చేతుల్లో లేదు. ఈలోగా ఏం చేయొచ్చు?

బయోకెమిస్ట్రీ_గుంటూరు

నడువు. 2011లో అమెరికాలో 120 మంది పెద్దవయసు వాళ్లతో ఒక అధ్యయనం జరిగింది. వారానికి మూడు రోజులు, 40 నిమిషాలు చురుగ్గా నడిచిన బృందంలో ఏడాదికి హిప్పోక్యాంపస్ సుమారు 2 శాతం పెరిగింది. సాగదీసే వ్యాయామాలు మాత్రమే చేసినవాళ్లలో కొద్దిగా తగ్గింది. వ్యాయామం చేయించిన ఎలుకల మెదడులో కొత్త మైటోకాండ్రియా తయారయ్యే సూచనలు కూడా కనిపించాయి. ఇందిరా పార్కు మీకు పక్కనే కదా, పొద్దున్నే వెళ్లు.

సైకియాట్రీ_విశాఖ

మాస్టారి మాటకు తోడు కొన్ని. రాత్రి పన్నెండు దాటాక చదివిన గంట మర్నాడు రెండు గంటల్ని తినేస్తుంది, నిద్రకు ఏడు గంటలు కేటాయించండి. లేచే వేళ రోజూ ఒకటే ఉండాలి, సెలవు రోజైనా సరే. పాలిటీ లాంటి కష్టమైన సబ్జెక్టు ఉదయం పెట్టుకోండి, పాత ప్రశ్నపత్రాలు సాయంత్రం. గంటకోసారి లేచి ఫోన్ లేకుండా కాసేపు బయట తిరగండి. నోటిఫికేషన్ పుకార్లు నడిచే టెలిగ్రామ్ గ్రూపులను రోజుకు ఒక్కసారి మాత్రమే చూడండి. మూలాన్ని తీసేయలేకపోయినా, అది మిమ్మల్ని రోజుకు ఎన్నిసార్లు తాకాలో కొంతవరకు మీరే నిర్ణయించుకోవచ్చు.

రక్తపరీక్ష రిపోర్టు వచ్చాక పేరు, వివరాలు తీసేసి ఇక్కడ పెట్టండి. బి12, టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష) విలువలు చూసి ఏ డాక్టర్ దగ్గరికి వెళ్లాలో చెప్తాను.

వరంగల్_అమ్మ

డాక్టర్ గారూ, శని, ఆదివారాలు రాత్రి బాబు దగ్గర మా ఆయన పడుకుంటానన్నారు. హనుమకొండ, కాజీపేట వైపు ఆటిజం పిల్లల తల్లులు ఎవరైనా ఈ వేదికలో ఉంటే నాకు మెసేజ్ పెట్టండి. పిల్లల్ని వంతులవారీగా చూసుకుందాం.